ఇన్ని పూలు పూసింది, కాయలేవి?

మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చేసరికి మన అడవుల్లో మోదుగ చెట్లు ఆకు రాల్చి, కొమ్మ కొమ్మకూ పూస్తాయి. దూరం నుంచి చూస్తే అడవికి నిప్పంటుకుందేమో అనిపిస్తుంది. విస్తళ్ళు కుట్టే ఆకు ఈ చెట్టుదే. హోలీకి మరిగించి రంగు తీసే పువ్వూ దీనిదే.

ఒక మార్చి నెలలో మా ఎనిమిదో తరగతి పిల్లలకు పొలం గట్టు మీద ఉన్న ఒంటరి మోదుగను చూపించాను. చెట్టు నిండా పూలే. నెల తరువాత మళ్ళీ వెళితే కొమ్మల్లో నాలుగైదు కాయలే కనిపించాయి. "ఇన్ని పూలు పూసింది, కాయలేవి మాస్టారూ?" అన్నాడు ఒక అబ్బాయి. మంచి ప్రశ్న! జవాబు పువ్వు దగ్గరే వెతుకుదాం.

రాలిన పువ్వు ఒకటి విప్పి చూడండి. ఆకర్షణ పత్రాలు అయిదు. పైకి లేచినది ధ్వజం. పక్కలనున్న రెండూ బాహువులు. మిగిలిన రెండూ కలిసి చిలుక ముక్కులా వంగి ఉంటాయి. అది ద్రోణి. అందుకే సంస్కృతంలో మోదుగను కింశుకమన్నారు. 'ఇది చిలుకా?' అని ఆ మాటకు అర్థం. ద్రోణి లోపల పది కేసరాలు, వాటి నడుమ కీలం దాగి ఉంటాయి. అడుగున తేనె.

ఈ పువ్వుకు వాసన లేదు. ఇది పిలిచేది పక్షులను. ఎర్ర రంగు వాటి కంటికి బాగా ఆనుతుంది. ఆకులు లేని కొమ్మ మీద ఆ రంగుకు అడ్డే లేదు.

2003లో ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మోదుగపై తమ పరిశీలనను ప్రచురించారు. పువ్వుల దగ్గరికి ఏడు రకాల పక్షులు వచ్చాయి. కానీ వాటిలో పుప్పొడిని సరిగా చేరవేసినది ఊదారంగు తేనెపిట్ట ఒక్కటే. దానికి తోడు ఉడుత. మరో సంగతి కూడా తేలింది: చెట్టుకు తన పుప్పొడే పడితే కాయలు తక్కువ, వేరొక మోదుగ పుప్పొడి పడితే ఎక్కువ.

మా గట్టు మీది చెట్టుకు దరిదాపుల్లో మరో మోదుగ లేదు. ఒకప్పుడు ఉండేవట, కొట్టేశారు. కాయలు తగ్గడానికి ఇదే కారణమని రుజువు చేయలేదు గాని, అనుమానించదగ్గ కారణమే.

పైగా ఒక్కో కాయలో ఉండేది ఒకే గింజ! మోదుగ శాస్త్రీయ నామం బ్యూటియా మోనోస్పర్మా. మోనోస్పర్మా అంటే ఒకే గింజ గలది అని. ఎండిన కాయ గాలికి ఎగిరి పడితే, గింజ వానలకు మొలకెత్తుతుంది.

ఈ వసంతంలో మీరూ ఒక పరిశీలన చేయండి. గుంపులో ఉన్న మోదుగ ఒకటి, ఒంటరిది ఒకటి ఎంచుకోండి. ఒక్కో చెట్టులో ఒక కొమ్మకు దారం కట్టి, పువ్వులెన్నో, తరువాత కాయలెన్నో లెక్కపెట్టి రాసుకోండి. హోలీ రంగుకు మాత్రం రాలిన పువ్వులే ఏరుకోండి. కొమ్మ మీది పువ్వు దగ్గరికి తేనెపిట్ట ఇంకా రావలసి ఉంది.