అండమాన్ వెళ్తున్నారా? ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి!

గోవా చూసేశారు, పాండిచ్చేరి కూడా అయిపోయింది. ఈసారి ఫ్రెండ్స్ గ్రూపులో ‘అండమాన్ వెళ్దామా?’ అన్న మాట వచ్చిందా? మంచి ఆలోచనే! కానీ టికెట్లు బుక్ చేసే ముందు ఒక్క విషయం గుర్తుంచుకోండి. అక్కడ మీ ప్లాన్ మీ చేతుల్లో ఉండదు, సముద్రం చేతుల్లో ఉంటుంది.

ఎప్పుడు, ఎలా?

డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు మంచి సీజన్. మే చివర్లో మొదలయ్యే వానలు చాలా నెలలు వదలవు. మనవాళ్లకు ప్రధాన భూభాగంలో ఉన్నట్టే, ప్రధాన పర్యాటక దీవులకు పర్మిట్ అక్కర్లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు మాత్రం ఎప్పుడూ దగ్గరుండాలి. చెన్నై, హైదరాబాద్, కోల్‌కతా నుంచి విమానాలున్నాయి. టికెట్ మీద పోర్ట్‌బ్లెయిర్ అని ఉన్నా, శ్రీ విజయపురం అని ఉన్నా కంగారుపడకండి. 2024లో పేరు మారింది, ఊరు ఒకటే. హ్యావ్‌లాక్ అంటే స్వరాజ్ ద్వీప్, నీల్ అంటే షహీద్ ద్వీప్. ఈ రెండింటి పేర్లూ 2018లో మారాయి.

విశాఖ నుంచి ఓడ కూడా ఉంది. కానీ సర్వీసులు తక్కువ, ప్రయాణం రెండు రోజులకు పైనే. టైమ్ ఉన్నవాళ్లకే అది.

ఆ ఖాళీ రోజు ఎందుకంటే...

చాలామంది చేసే తప్పు ఇది. ఉదయం హ్యావ్‌లాక్‌లో ఫెర్రీ ఎక్కి, మధ్యాహ్నం పోర్ట్‌బ్లెయిర్‌లో ఫ్లైట్ అందుకుందామనుకుంటారు. సముద్రం గరంగా ఉంటే ఫెర్రీ ఆలస్యం కావచ్చు, రద్దూ కావచ్చు. ఫెర్రీ డబ్బులు తిరిగొస్తాయేమో గానీ, మిస్సయిన ఫ్లైట్ తిరిగిరాదు. అందుకే చివరి రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండండి. సెల్యులర్ జైలు, సాయంత్రం అక్కడి సౌండ్ అండ్ లైట్ షో ఆ రోజుకు పెట్టుకోండి. ఏడు విభాగాలతో కట్టిన ఆ జైలులో ఇప్పుడు మిగిలింది మూడే. ఆ ఇరుకు గదుల్లో ఒక నిమిషం నిలబడితే సెల్ఫీ తీసుకోవాలన్న మూడ్ దానంతటదే పోతుంది.

స్కూబా ప్లాన్‌కు కూడా ఇదే లెక్క. నీళ్లలోకి దిగిన వెంటనే విమానం ఎక్కకూడదు. శరీరంలో కరిగిన నైట్రోజన్ పైకి వెళ్లాక బుడగలుగా మారి ప్రాణం మీదకు తెస్తుంది. డైవ్‌కూ ఫ్లైట్‌కూ మధ్య కనీసం 18 గంటలు ఉంచండి. ఆస్తమా, గుండె జబ్బు లాంటివి ఉంటే ఫారంలో దాచకండి. ఈత రాకపోయినా ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి మొదటిసారి డైవ్ చేయొచ్చు.

తెల్లారకముందే లేవాలి బాస్!

అక్కడా మన గడియారమే. కానీ దీవులు బాగా తూర్పున ఉన్నాయి కదా, డిసెంబరులో సాయంత్రం ఐదుకల్లా సూర్యుడు అస్తమిస్తాడు. పదింటికి లేచి బయల్దేరితే సగం రోజు పోయినట్టే. నీల్‌లోని సహజ రాతి వంతెన చూడాలంటే సముద్రం ఆటుపోట్ల టైమ్ కూడా అడిగి తెలుసుకోవాలి. నీరు వెనక్కి తగ్గినప్పుడే అక్కడికి నడవగలం.

చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ వేసి 2020లో ఇంటర్నెట్ మెరుగుపరిచారు. అయినా ఊరు దాటితే సిగ్నల్‌ను నమ్మొద్దు. టికెట్లు, హోటల్ వివరాలు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, కొంత క్యాష్ ఉంచుకోండి. ఉప్పునీటి మొసళ్లు తిరిగే తీరాలు ఉన్నాయి. హెచ్చరిక బోర్డు కనిపిస్తే ‘ఒక్క రీల్ తీసుకుని వచ్చేస్తా’ అనొద్దు. ఒడ్డున దొరికిన పగడపు ముక్క బ్యాగులో వేసుకోవడమూ నేరమే.

రీల్ తీయకూడని దారి

బారాటాంగ్ సున్నపురాయి గుహలకు రోడ్డు మీద వెళ్లాలంటే జరావా తెగ అడవిలోంచే దారి. వాహనాలన్నీ కాన్వాయ్‌గా, నిర్ణీత సమయాల్లోనే కదులుతాయి. దారిలో ఆగడం, జరావాలను ఫొటో తీయడం, బిస్కెట్ పొట్లం విసరడం... ఏదైనా నేరమే, జైలుకు వెళ్లాల్సి రావచ్చు. వాళ్లున్నది కొన్ని వందల మందే. మనకు మామూలుగా వచ్చిపోయే తట్టు లాంటి జబ్బు కూడా వాళ్లకు ప్రమాదం. అక్కడ మనమే వాళ్లింటి ముందు నుంచి వెళ్తున్న అతిథులం. కిటికీ దించకుండా, ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లడమే మర్యాద. ‘జరావాలను చూపిస్తాం’ అని ఎవరైనా ఆశపెడితే ఆ టూర్‌కే దండం పెట్టేయండి.

భాష గురించి బెంగ వద్దు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ప్రతి వంద మందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగే. చేపల మార్కెట్‌లో ఉత్తరాంధ్ర యాస వినిపిస్తే ఆశ్చర్యపోకండి. ‘ఏ ఊరండీ మీది?’ అని పలకరించి, రేపు సముద్రం ఎలా ఉంటుందో అడగండి. ఏ యాప్ కన్నా వాళ్ల మాటే నమ్మకం.