శీర్షికలోని మాట ఎవరి పక్షము?

సెప్టెంబరు 17వ తేదీ వచ్చిందంటే మన నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఆ రోజును ఏ పేరుతో పిలవాలన్నదే పెద్ద తగవు. 1948లో ఆ తేదీన నిజాము లొంగుబాటు ప్రకటించాడు, హైదరాబాదు సంస్థానము భారతదేశములో చేరింది. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. అయితే ఆ ఉదయము పత్రికలు తెరిచి చూడండి. ఒకదానిలో "విమోచన దినము" అని ఉంటుంది, ఇంకొకదానిలో "విలీన దినము" అని ఉంటుంది. సాయుధ పోరాట వారోత్సవాలు ముగిశాయని మరొకటి రాస్తుంది. "విద్రోహ దినము" అనేవారు కూడా ఉన్నారు. జరిగిన సంగతి ఒక్కటే, పేర్లు నాలుగు.

విమోచన అనగా బంధకములో నుండి విడిపించుట. ఆ మాట పలకగానే బంధించినవాడొకడు, విడిపించినవాడొకడు కళ్ళ ముందు నిలబడతారు. విలీనము అనగా కలిసిపోవుట. అందులో దోషి కనబడడు. సాయుధ పోరాటము అనేవారు 1946 నుండి 1951 వరకు నల్గొండ పల్లెలలో దొరల మీద తిరగబడిన రైతులను, కూలీలను ముందు నిలబెడతారు. ఆ తిరగబడినవారి మీదికే తరువాత సైన్యము వచ్చింది కదా, దానిని ద్రోహమనక ఏమంటారని నాలుగవ పక్షమువారు అడుగుతారు. 2022లో కేంద్ర ప్రభుత్వము విమోచన దినమని, రాష్ట్ర ప్రభుత్వము జాతీయ సమైక్యతా దినమని ఒకే నగరములో, ఒకే రోజున, వేర్వేరుగా జెండా ఎగురవేశాయి. రాష్ట్రములో ప్రభుత్వము మారిన తరువాత, 2024లో, అదే రోజు ప్రజా పాలన దినోత్సవమయింది! మన తాతలకు ఆ రోజు ఏమి జరిగిందో అది మాత్రము మారలేదు.

ఆ అయిదు రోజుల దాడికి పెట్టిన పేరు సంగతి ఇంకా విచిత్రము. సెప్టెంబరు 13 నుండి ట్యాంకులతో, విమానాలతో సైన్యము దిగింది. అయినా ఇప్పటికీ దానిని "పోలీసు చర్య" అనే రాస్తారు. పోలీసు అంటే అది ఇంటిలోని గొడవ, సైన్యమంటే రెండు రాజ్యముల యుద్ధము. ఆ తేడా ఎరిగినవారే ఆ పేరు పెట్టారు. దాని తరువాత సంస్థానములో ముస్లిముల మీద జరిగిన హత్యలను గురించి నెహ్రూ ప్రభుత్వము పంపిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ 27,000 నుండి 40,000 మంది చనిపోయారని అంచనా వేసింది. విమోచన అనే మాటలో వారికి చోటు లేదు. రజాకార్ల చేతులలో చచ్చిన పల్లె ప్రజలకు విలీనము అనే మాటలోనూ చోటు లేదు.

మన ప్రార్థన కూటమిని గురించి "మతమార్పిడి సభ" అని శీర్షిక పెడితే మన ఇంటిల్లిపాదికీ నొప్పి కలుగుతుంది. పొరుగింటి ముస్లిము కుటుంబమును "రజాకార్ల వారసులు" అన్నప్పుడు వారికి కలిగేదీ అదే నొప్పి. మొదటిది మనకు వెంటనే కనబడుతుంది, రెండవదాని మీదుగా మన చూపు జారిపోతుంది.

పత్రికలకు పక్షము ఉండుట కొత్త కాదు. విశాలాంధ్ర సి.పి.ఐ. వారిది, ప్రజాశక్తి సి.పి.ఎం. వారిది. ఆ సంగతి వారు దాచుకోలేదు. 2008లో సాక్షి, 2011లో నమస్తే తెలంగాణ వచ్చినప్పుడు వాటి వెనుక ఎవరున్నారో బస్టాండు హోటలులో టీ తాగేవారికి సైతము తెలుసు. కనుక 2014 జూన్ 2ను ఒకరు "విభజన" అంటే, మరొకరు "ఆవిర్భావము" అంటే మనము తికమక పడము.

ఒక్క మాట ఎంత దూరము పోగలదో చూడాలంటే 1983 మార్చి నాటి ఈనాడును తలచుకోవాలి. శాసన మండలిలో జరిగిన గొడవకు ఆ పత్రిక "పెద్దల గలభా" అని శీర్షిక పెట్టింది. వాగ్వాదము అనవచ్చు, నిరసన అనవచ్చు. గలభా అంది. పెద్దల సభకు అది సభాహక్కుల ఉల్లంఘనగా తోచింది. సంపాదకుడు రామోజీరావును పట్టి తెమ్మనేవరకు వెళ్ళింది. 1984లో సుప్రీంకోర్టు అడ్డుపడింది. ఇదంతా మూడు అక్షరముల మాట కొరకు.

పెద్దల గొడవలు అటుంచుదాము. మన ఇళ్ళను నేరుగా తాకే శీర్షిక జిల్లా పేజీలో, అడుగున, చిన్న అక్షరాలతో ఉంటుంది. "అప్పుల బాధతో రైతు ఆత్మహత్య" అని ఒక పత్రిక రాస్తుంది. అదే మరణమును "కుటుంబ కలహాలతో వ్యక్తి ఆత్మహత్య" అని మరొకటి రాస్తుంది. ప్రభుత్వమును సమర్థించే పత్రికకు రెండవది అనుకూలము, వ్యతిరేకించే పత్రికకు మొదటిది. ప్రభుత్వము మారితే ఆ పత్రికలు మాటలు మార్చుకొనుట కూడా మనము చూస్తున్నాము. అప్పు నెత్తిన ఉన్న ఇంటిలో కలహము ఉండదా? రెండూ నిజమే కావచ్చు. ఏది ముందు రాశారన్నదే ప్రశ్న.

ఎందుకనగా ఆ మాట వెనుక డబ్బు ఉన్నది. 2004లో వచ్చిన 421వ నంబరు జి.ఓ. ప్రకారము ఇలాటి కుటుంబమునకు లక్షన్నర రూపాయల సహాయము రావాలి. తెలంగాణ ప్రభుత్వము 2015లో దానిని ఆరు లక్షలకు పెంచింది. కాని ఆ మరణము సేద్యపు అప్పుల వలననే అని అధికారుల త్రిసభ్య కమిటీ తేల్చాలి. 2018లో రైతు బీమా వచ్చింది. ఏ కారణమున చనిపోయినా అయిదు లక్షలు ఇస్తారు. అయితే అది పట్టా పాసుపుస్తకము ఉన్నవారికే, అందులోనూ 18 నుండి 59 ఏండ్ల లోపువారికే.

కౌలుకు చేసేవానికి పాసుపుస్తకము ఎక్కడిది? అతనికి మిగిలిన దారి ఆ పాత జి.ఓ. ఒక్కటే. అక్కడ "రైతు" అనే మాటకు ప్రాణమున్నది. పత్తి వేసి, బోరు వేసి, వడ్డీకి తెచ్చి మునిగినవానిని "కూలీ" అనో "వ్యక్తి" అనో అచ్చువేస్తే, అతని భార్య ఎక్కవలసిన మెట్లు మరి నాలుగు పెరుగుతాయి.

ఇకమీదట మీ మండలములో ఇలాటి వార్త కనబడితే శీర్షిక క్రింద ఉన్న నాలుగు వాక్యాలు కూడా చదవండి. ఎన్ని ఎకరాలు కౌలుకు పట్టాడు, ఎన్ని బోర్లు ఎండిపోయాయి, అప్పు బ్యాంకుదా లేక షావుకారుదా అన్నది రాశారేమో చూడండి. ఈ మూడింటిలో ఒక్కటీ లేదంటే, ఆ వార్త చాలావరకు పోలీసు స్టేషనులోని కాగితము చూసి రాసినదే. విలేకరి ఆ గడప తొక్కి ఉండడు.