ఓడపట్టికలలో తప్పిన యింటిపేళ్లు

రాజుల వంశములు దెలిసికొనుటకు శాసనములు గలవు. జమీందారులకు వంశావళులు, గ్రామములకు మెకంజీ దొర కూర్పించిన కైఫీయతులు గలవు. పొట్ట చేతబట్టుకొని యోడ యెక్కిన కూలివాని వంశమునకు మాత్ర మేయాధారమును లేదని పలువురు తలంతురు. ఇది సరికాదు. శాసనమున రాజుగారి యెత్తు వ్రాయబడి యుండదు. కూలివాని పత్రమున వాని యెత్తు, వయస్సు, తండ్రి పేరు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహముమీది మచ్చయు గూడ వ్రాయబడి యున్నవి. లేనిది యొక్కటియే, అది యింటిపేరు.

ఇట్టి పత్రములు చూచుటకు బూర్వము డర్బనుకో, సూవాకో పోవలసి యుండెను. నేడు వానిలో గొన్ని యంతర్జాలమున కెక్కినందున శేరిలింగంపల్లిలో గూర్చున్నవాడును వెదకగలుగుచున్నాడు. ఈ యూరి పేరు చెప్పుటకు గారణము గలదు. 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము గచ్చిబౌలికడ నీ ప్రాంతముననే యున్నది. అందు బ్రవాస భారతీయుల చరిత్రను బరిశోధించుటకై 1996లో నొక కేంద్రము నెలకొల్పబడెను. సమీపముననే 1998లో సైబర్ టవర్సు తెఱవబడిన పిమ్మట వెలసిన కార్యాలయముల నుండి యువకులు సిడ్నీ, మెల్‌బోర్ను నగరములకు వెడలుచున్నారు. 2021 జనాభా లెక్కలనుబట్టి యాస్ట్రేలియాలో నింట దెలుగు మాటలాడువారు దాదాపు 59 వేలమంది. అయితే యీ లెక్కలో జేరని తెలుగు సంతతి మఱియొకటి యచట గలదు. వారు ఫిజీ మీదుగా వచ్చినవారు. వారిలో బెక్కుమంది యిండ్లలో నేడు ఫిజీ హిందీయే గాని తెలుగు లేదు.

ఫిజీకి 1879 మొదలు 1916 వఱకు దాదాపు 61 వేలమంది యొప్పందపు కూలీలు పోయిరి. అగ్రిమెంటు శబ్దమే వారి నోట వికృతి చెంది గిర్మిట్ అయినది. మొదట నోడలు కలకత్తా నుండియే సాగినవి. 1903 నుండి మద్రాసు రేవునను గూలీల నెక్కించుకొనిరి. అట్లు పోయినవా రించుమించు నాల్గవవంతు, వారిలో దమిళులు, తెలుగువారు, మలయాళులు గలరు. వారిలో నత్యధికులు చెమటోడ్చిన చెఱకు తోటలు సిడ్నీ నగరమున గార్యస్థానము గల కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీవి. ఆ కంపెనీ 1973లో ఫిజీని విడిచిపోయెను. దాని కాగితములు కాన్‌బెర్రాలో నాస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయపు నోయెల్ బట్లిన్ పత్రాగారమున నున్నవి. 1987లో ఫిజీయందు రెండుమారులు సైనికుల తిరుగుబాటు జరుగగా భారత సంతతివారు పలువు రాస్ట్రేలియాకు దరలిరి. తాతలు దున్నిన పొలములకు యజమాను లుండిన నగరమునకే మనుమలు చేరిరి.

ఇట్టి కుటుంబమునకు జెందినవాడు తన పూర్వుల యూరు దెలిసికొన గోరినచో వెనుకకు నడువవలెను. ఆస్ట్రేలియా పట్టికలు మొదటి మెట్టు మాత్రమే. న్యూ సౌత్ వేల్సు ప్రభుత్వపు సూచికలో జననములు నూఱేండ్లు, వివాహము లేబదియేండ్లు, మరణములు ముప్పదియేండ్లు గడచిన పిమ్మటనే యెల్లరకు గానవచ్చును. 1987 తరువాత వచ్చినవారి కిది చాలవఱకు మూసిన తలుపే. ఆ దేశపు జాతీయ గ్రంథాలయమువా రేర్పఱచిన ట్రోవ్ అను భాండారమున బాత వార్తాపత్రికలు పుటలు పుటలుగా నున్నవి. అవి చాలవఱకు 1954తో నాగినను నోడల రాకపోకలను సరిచూచుకొనుటకు బనికివచ్చును. యంత్రము చదివిన యక్షరము లగుటచే దప్పు లనేకములు. చదువరులే వానిని దిద్దుటకు వీలు గల్పింపబడినది. జాతీయ పత్రాగారపు సూచికయందు 1901 నాటి వలస నిరోధక చట్టము క్రింద నీయబడిన మినహాయింపు పత్రములు, వానితో ఛాయాపటములు, అఱచేతి ముద్రలు గలవు. వీనిలోని భారతీయులలో బంజాబు, సింధు ప్రాంతములవారే యధికులు.

అసలు పత్రము ఫిజీది. సూవాలోని జాతీయ పత్రాగారమున నట్టివి భద్రపఱుపబడినవి. 1860 నుండి 1911 వఱకు నేటాలునకు బోయిన 1,52,184 మంది యోడపట్టికలు గూడ నట్టివే. అవి కంప్యూటరున కెక్కింపబడి డర్బనులోని గాంధీ-లుథులీ పత్రకేంద్రము ద్వారా లభించుచున్నవి. పండితుని యక్కఱ యిచ్చట నేర్పడుచున్నది. ఏలయన, యంతర్జాలమున గానవచ్చునది పత్రము గాదు, పత్రమునకు బ్రతి. కూలి తన పేరు తన యాసలో జెప్పెను. మద్రాసు గుమాస్తా తన చెవికి దోచినట్లు రోమను లిపిలో వ్రాసెను. నూఱేండ్ల పిమ్మట దెలు గెఱుగని మఱియొకడు ఆ చేతివ్రాతను జదివి యెక్కించెను. గుమాస్తా తమిళు డైనచో వెంకటస్వామి వెంగటసామి యగును. అప్పలస్వామి పేరున ద్విత్వములు పోవును, దీర్ఘములు లేనిచోట మొలచును. సరియైన వర్ణక్రమముతో వెదకినవానికి గావలసినవాడు దొరకడు. తెలియని యక్షరముల స్థానమున నక్షత్రపు గుర్తు నుంచి వెదకుటకు బెక్కు పట్టికలలో వీలు గలదు. హల్లులను నిలిపి యచ్చులను వదలుట మేలు.

ఇంటిపేరు చిక్కు వేఱు. మనకు నింటిపేరు ముందు, వ్యక్తినామము వెనుక. ఐరోపావారికి వంశనామము చివర. డిపో పట్టికలో నింటిపేరునకు గడియే లేదు. కావున నెవరు నడుగలేదు, ఎవరును జెప్పలేదు. పరదేశమున దాత వ్యక్తినామమే మనుమలకు వంశనామ మయ్యెను. దక్షిణాఫ్రికాలో నాయుడు, రెడ్డి యను బిరుదములే వంశనామములుగా స్థిరపడినవి. అందుచే నిద్దఱు నాయుళ్లు దాయాదు లనుట కా పేరొక్కటి యాధారము గాజాలదు.

అయినను వ్యక్తినామమే యొక్కొక్కపుడు దారి చూపును. పైడితల్లి యను పేరు గానవచ్చినచో విజయనగర ప్రాంతమును, సింహాచల మన్నచో విశాఖ ప్రాంతమును, నూకాలమ్మ యన్నచో ననకాపల్లి వైపును మొదట జూడవలెను. చెంగయ్య యన్నచో సూళ్లూరుపేట చెంగాళమ్మ తలపునకు రావలెను. ఇవి నిశ్చయములు గావు. గ్రామనామము చెడియున్నపు డెచ్చట వెదకవలెనో చెప్పు సూచనలు. ఇట్టి యూహ విదేశములోని పత్రాధికారికి దోచదు. పల్లెటూరి బడిపంతులునకు దోచును.

గ్రామనామములకు దోడు జిల్లా లెల్లలు మాఱినవి. చికాకోలనగా శ్రీకాకుళము, కోకనాడ యనగా గాకినాడ. ఎల్లోరని యున్నచో నది యేలూరు. గుహలున్న యెల్లోరాకు బోరాదు. శ్రీకాకుళము 1936 వఱకు గంజాము జిల్లాలోను, పిమ్మట 1950 వఱకు విశాఖపట్టణము జిల్లాలోను నుండెను. కావున గంజామని చదివిన వెంటనే యొడిశాకు బరుగెత్తుట తొందరపాటు. చిత్తూరు జిల్లా 1911లో నేర్పడినది. దానికి ముందటి పత్రములలో జిత్తూరు, చంద్రగిరి తాలూకాలవా రుత్తర ఆర్కాటువారుగా వ్రాయబడిరి. వారిని దమిళులుగా లెక్కించిన తప్పు లిట్లు పుట్టవచ్చును. గుంటూరు జిల్లా వయస్సు గూడ 1904 నుండియే.

గ్రామము దొరికిన పిమ్మట నింటిపేరు దొరకునా? రైతువారీ గ్రామములైనచో రెవిన్యూ కార్యాలయపు పాత రీసెటిల్‌మెంటు రిజిస్టరులో బట్టాదారుల పేళ్లు చూడవచ్చును. ఉత్తరకోస్తాలో బెక్కు గ్రామములు జమీందారీలు. వానికి రైతువారీ లెక్కలు 1948 నాటి యెస్టేట్ల రద్దు చట్టము తరువాతనే యేర్పడినవి. భూమి లేనివాని పే రెందులోను నుండదు, ఓడ యెక్కినవారిలో నట్టివారే పెక్కురు. అట్టిచోట వృద్ధుల నోటిమాటయే శరణ్యము. అన్న యోడ యెక్కి మరల రాలేదను కథ యే యింట నిలిచియున్నదో, ఆ యింటివారి నడుగవలెను. దానిని బత్రములోని తండ్రి పేరుతోను, వయస్సుతోను సరిపోల్చిన గాని నమ్మరాదు. ఇట్టి కథలు నిలిచిన తర మిక నెంతో కాల ముండదు.

నేటి ప్రయాణికుల పాస్‌పోర్టులో వంశనామమునకు గడి యున్నది. తెలుగువారిలో గొందఱందు నింటిపేరు నిండుగా వ్రాయుదురు. కొందఱు తండ్రి పేరు వ్రాయుదురు. కొందఱు ఖాళీగా వదలగా, విదేశపు కార్యాలయము వ్యక్తినామమునే వంశనామముగా నెక్కించుకొనును. ఒకే తల్లి బిడ్డ లిరువు రిట్లు వేర్వేఱు వంశనామములతో మెల్‌బోర్ను చేరుటయు సంభవమే. జన్మస్థలపు గడి యున్నది గాని, యందు జాలమంది ప్రసూతి వైద్యశాల యున్న పట్టణము పేరు వ్రాయుచున్నారు. తాలూకా, గ్రామము అడుగు గడులు మాత్రము 1903 నాటి పత్రముననే యున్నవి.