బస్తర్ మలేరియా: పరీక్షకు చిక్కని క్రిమిపై ప్రయోగశాల నిఘా

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న కిష్టారం వంటి అటవీ గ్రామాలలో మలేరియా నిర్ధారణకు చిన్న ప్లాస్టిక్ పట్టీయే ప్రధాన ఆధారం. వేలికొస రక్తపు చుక్క వేసిన పావుగంటకు పట్టీపై గీత కనిపిస్తే రోగం ఉన్నట్లు, లేకుంటే లేనట్లు లెక్క. అయితే ఈ లెక్క అన్నివేళలా సరికాదని అణు జీవశాస్త్ర ప్రయోగశాలలలో రుజువైంది.

2020 జనవరిలో బస్తర్ ప్రాంతంలో ఇంటింటి మలేరియా పరీక్షలు ప్రారంభమయ్యాయి. తొలి విడతలో సుమారు 14 లక్షల మందిని పరీక్షించగా 64 వేల మందికి పైగా రోగం బయటపడింది. వారిలో సగానికి మించిన వారికి జ్వరమే లేకపోవడం గమనార్హం.

మెదడుకు సోకి ప్రాణం తీయగల ఫాల్సిపారం క్రిమిని పట్టీ గుర్తించేది హెచ్ఆర్‌పి-2 అనే ప్రోటీన్ ద్వారా. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువే లోపించిన క్రిములు ఉన్నాయని పెరూ దేశపు అమెజాన్ ప్రాంతం నుండి 2010లో వెల్లడైంది. ఛత్తీస్‌గఢ్ నమూనాలలోనూ అవి ఉన్నట్లు 2013లో తేలింది. ఇటువంటి క్రిమి సోకిన రోగికి పరీక్షలో ‘లేదు’ అని వస్తుంది. మందు అందదు.

ఈ నిఘా భారం చాలావరకు రీసెర్చ్ అసిస్టెంట్లదే. వడపోత కాగితంపై ఎండిన రక్తపు మరక నుండి చిన్న బిళ్ల కత్తిరించి, డిఎన్ఎ వేరుచేసి, పిసిఆర్ యంత్రంలో కోట్ల రెట్లు పెంచి, జెల్‌పై పరుగెత్తించి, అతినీలలోహిత కాంతిలో చారల కోసం చూడాలి. ఉన్నదానిని చూపడం తేలిక, లేనిదానిని నిరూపించడమే కష్టం. చార రాలేదంటే జన్యువు లేనట్లా, లేక డిఎన్ఎ పాడైనట్లా? అందుకే క్రిమిలోని ఇతర జన్యువులతో సరిచూసి, అదే పరీక్షను మళ్లీ మళ్లీ చేయవలసి ఉంటుంది. పక్క గొట్టం నుండి ఆవగింజలో వెయ్యోవంతు తుంపర పడినా ఫలితం తారుమారే.

ఇంత బాధ్యత ఉన్నా వీరి కొలువు పథకం కాలపరిమితికి లోబడినదే. నెట్ వంటి పరీక్ష నెగ్గిన జూనియర్ ఫెలోల నెలసరి భృతిని కేంద్రం 2023 జనవరి నుండి 31,000 రూపాయల నుండి 37,000కు పెంచింది. పథకం ముగిస్తే అదీ ఉండదు. సహాయకులు తెరవెనుక ఉండిపోవడం ఈ రంగానికి కొత్త కాదు. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రోనాల్డ్ రాస్‌ను 1902లో నోబెల్ బహుమతి వరించింది. కలకత్తాలో ఆయనకు తోడ్పడిన మహమ్మద్ బక్స్‌ను ఎరిగినవారు అరుదు.

ఈ జన్యులోపం వల్ల తప్పిపోయే ఫాల్సిపారం కేసులు 5 శాతం దాటిన చోట పట్టీనే మార్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆ శాతాన్ని లెక్కగట్టేది ఈ జెల్ చారలను బట్టే.