లైట్ వాళ్లు నిజంగా మంచోళ్లేనా? 'నైట్ వాచ్' నవల గురించి మాట్లాడుకుందాం

ఈరోజు ఒక రష్యన్ నవల గురించి చెప్తాను. పేరు 'నైట్ వాచ్', రాసింది సెర్గేయ్ లుక్యానెంకో. 1998లో వచ్చింది. ఇంగ్లీష్ అనువాదం దొరుకుతుంది, నేను చదివింది అదే. కథ కొంచెం రివీల్ చేస్తాను, స్పాయిలర్స్ వద్దనుకునేవాళ్లు ఇక్కడే ఆపేసి చదివాక రండి.

నాకు ఈ బుక్ ఎందుకు కనెక్ట్ అయిందంటే, హీరో ఆంటోన్ మంత్రగాడే గానీ చేసేది మాత్రం కంప్యూటర్ ఉద్యోగం. ఆఫీసులో కూర్చుని సిస్టమ్స్ చూసుకునే మనిషిని ఒకరోజు సడెన్‌గా ఫీల్డ్‌కి పంపుతారు. కోటలు లేవు, డ్రాగన్లు లేవు. మాస్కో మెట్రో, ఇరుకు అపార్ట్‌మెంట్లు, చలి, అంతే. పక్క ఫ్లాట్‌లో కోస్త్యా అనే కుర్రాడు ఉంటాడు. వాడి ఫ్యామిలీ మొత్తం వ్యాంపైర్లు. మళ్లీ చాలా మర్యాదస్తులు, రూల్స్ తప్పరు. ఆంటోన్‌కి వాళ్లతో స్నేహం కూడా ఉంది.

ఇప్పుడు ఆ లోకం ఎలా పనిచేస్తుందో చెప్తా, ఇదే అసలు మజా. మనుషుల మధ్యే కొంతమంది 'అదర్స్' ఉంటారు. వాళ్లు తమ నీడలోకి తామే అడుగుపెట్టి ఇంకో పొరలోకి వెళ్లగలరు. రష్యన్‌లో దాన్ని సుమ్రాక్ అంటారు, మన భాషలో మునిమసక అనుకోండి. అక్కడ రంగులుండవు, ఎక్కువసేపు ఉంటే మన శక్తి పీల్చేస్తుంది. నీలం రంగు నాచు ఒకటి పెరుగుతుంటుంది, అది తినేది మనుషుల ఎమోషన్స్‌ని. పొద్దున్నే క్రిక్కిరిసిన మెట్రోలో అందరి మొహాలూ చూస్తుంటే నాకు ఆ నాచే గుర్తొస్తుంది.

అదర్స్‌లో రెండు వర్గాలు, లైట్ అండ్ డార్క్. ఒకప్పుడు ఇద్దరూ కొట్టుకుని చచ్చేలా ఉంటే, చివరికి ఒక ఒప్పందం రాసుకున్నారు. డార్క్ వాళ్ల మీద రాత్రిపూట నిఘా పెట్టే లైట్ పోలీసులే నైట్ వాచ్. లైట్ వాళ్ల మీద నిఘా పెట్టేది డే వాచ్. ఎవరు గీత దాటినా రెండో వాళ్లు పట్టుకుంటారు.

వినడానికి బాగుంది కదా? ఇక్కడే మెలిక ఉంది. లైట్ వాళ్లు మంత్రంతో ఒక మంచి పని చేస్తే, అదే సైజులో ఒక చెడ్డ పని చేసే హక్కు డార్క్ వాళ్లకి వస్తుంది. దానికి స్థాయిలు కూడా ఉన్నాయి, ఏడోది చిన్నది, ఒకటోది పెద్దది. పూర్తిగా అకౌంట్స్ బుక్కే. అంటే రోడ్డు మీద ఏడుస్తున్న మనిషిని ఓదార్చాలన్నా, దీని బిల్లు రేపు ఎవడి మీద పడుతుందో అని లెక్కేసుకోవాలి.

ఇంకా ఘోరం ఏంటంటే, వ్యాంపైర్లకి అప్పుడప్పుడు మనిషిని వేటాడటానికి లైసెన్స్ ఇస్తారు. ఎవరు బలి అనేది లాటరీలో తేలుతుంది. ఆ లైసెన్స్ ఇచ్చేది డార్క్ వాళ్లు కాదు, నైట్ వాచ్! మన హీరో పనిచేసే ఆఫీసే. ఈ పాయింట్ దగ్గర నేను ఫోన్ పక్కన పడేసి కాసేపు అలా కూర్చుండిపోయాను. కథలో ఎగోర్ అనే చిన్న పిల్లాడిని వ్యాంపైర్ల నుంచి కాపాడటానికి ఆంటోన్ ప్రాణం పెట్టి పరిగెడతాడు. ఎందుకు? వాళ్ల దగ్గర లైసెన్స్ లేదు కాబట్టి. ఉండుంటే?

ఎగోర్ కూడా అదరే, కానీ ఏ వైపో ఇంకా తేలలేదు. అది తేలే పద్ధతి నాకు చాలా నచ్చింది, భయం కూడా వేసింది. మొదటిసారి మసకలోకి అడుగుపెట్టే క్షణంలో నీ మూడ్ ఎలా ఉంటే, జీవితాంతం నువ్వు ఆ వైపే. పుట్టుక కాదు, జాతకం కాదు. ఆ ఒక్క క్షణం.

ఒక విషయం చెప్తాను, ఇప్పటిదాకా ఎక్కడా చెప్పలేదు. నేను జాబ్ చేస్తున్న రోజుల్లో ఒక శుక్రవారం రాత్రి రిలీజ్ ఉంది. నేను మార్చిన ఒక్క లైన్ వల్ల ప్రొడక్షన్ పడిపోయింది. తెల్లారి కాల్‌లో, టీమ్‌లోకి కొత్తగా వచ్చిన అబ్బాయి వల్లే అనుకుని మేనేజర్ అందరి ముందూ వాడిని కడిగేశాడు. నా మైక్ మ్యూట్‌లో ఉంది. అన్‌మ్యూట్ ఒక్క క్లిక్ దూరం. నొక్కలేదు. వాడు "సారీ సర్, ఇంకోసారి జరగదు" అన్నాడు, వాడు చేయని తప్పుకి. తర్వాత వాడే నాకు చాయ్ ఇప్పిస్తూ "భయ్యా, నిజంగా నేనేం మార్చానో నాకే అర్థం కావట్లేదు" అన్నాడు. అప్పుడూ చెప్పలేదు. ఆ క్షణంలో నేను మసకలోకి వెళ్లుంటే ఏ వైపు తేలేవాడినో మీరే చెప్పండి.

సరే, కథలోకొద్దాం. స్వెత్లానా అని ఒక డాక్టర్, ఆమె తల మీద నల్లటి సుడిగుండం తిరుగుతుంటుంది, శాపం. అది పెరిగితే ఊరికే ప్రమాదం. ఇంత పెద్ద శాపం ఎవరు పెట్టారని రెండు వాచ్‌లూ తల బద్దలుకొట్టుకుంటాయి. మన ఇళ్లలో అయితే ఈపాటికి ఉప్పు, మిరపకాయలు తిప్పేసేవాళ్లు. చివరికి తేలేదేంటంటే, శాపం పెట్టింది వేరే ఎవరో కాదు, ఆమే. వాళ్లమ్మ విషయంలో తప్పు చేశానని తనను తానే శపించుకుంది. ఏ మంత్రమూ పనిచేయని చోట, ఆంటోన్ వెళ్లి ఆమెతో కూర్చుని మాట్లాడతాడు. రచయిత చదువుకున్నది సైకియాట్రీ అని తర్వాత తెలిసింది, అందుకేనేమో ఆ సీన్ అంత నిజంగా ఉంటుంది.

నవలలో 3 కథలున్నాయి. రెండో దాంట్లో మాక్సిమ్ అనేవాడు వస్తాడు. వాచ్ గురించీ ఒప్పందం గురించీ ఏమీ తెలియదు. డార్క్ వాళ్లు కనిపిస్తే చాలు, చెక్క బాకుతో చంపేస్తుంటాడు. తను మంచే చేస్తున్నానని పక్కా నమ్మకం. నేరం మాత్రం ఆంటోన్ మీదికి వస్తుంది. మూడో కథ నాకు కొంచెం సాగినట్టు అనిపించింది, పెద్దవాళ్ల ప్లాన్లు, వాటి వెనక ప్లాన్లు. కానీ అందులో ఒక సీన్ మిస్ కావద్దు, ఆంటోన్ తనకి శక్తి కావాలని రోడ్డు మీద పోయేవాళ్ల సంతోషాన్ని లాగేసుకుంటూ నడుస్తాడు. లైట్ మనిషే!

2004లో తిమూర్ బెక్మాంబెతోవ్ దీన్ని సినిమా తీశాడు. అందులో ఎగోర్‌ని ఆంటోన్ కొడుకుగా మార్చేశారు. విజువల్స్ బాగుంటాయి గానీ నాకు ఆ మార్పు నచ్చలేదు. సొంత కొడుకుని కాపాడటం వేరు, ముక్కూమొహం తెలియని పిల్లాడి కోసం పరిగెత్తడం వేరు.

నెక్స్ట్ పార్ట్ 'డే వాచ్'. దాని మొదటి కథ చెప్పేది అలీసా, డార్క్ వైపు మంత్రగత్తె. ఇప్పుడు 40 పేజీల్లో ఉన్నాను, ఆమె మీద జాలేస్తోంది. అయ్యాక ఇంకో ఎపిసోడ్ చేస్తాను. ఈలోపు ఆ టీమ్‌మేట్‌కి ఈ లింక్ పంపాలి. నంబర్ ఇంకా నా ఫోన్‌లోనే ఉంది.