కంది ప్రజాతిలో జాతుల వర్గీకరణ: అటైలోసియా విలీనం, ప్రజననంలో దాని ప్రయోజనం

మొక్కల వర్గీకరణ హెర్బేరియం గదికే పరిమితమైన శాస్త్రమన్న అభిప్రాయం వ్యవసాయ విద్యార్థులలో సాధారణం. ఏ రెండు మొక్కలు దగ్గరి బంధువులో, వేటి మధ్య సంకరణం సాధ్యమో ముందుగా సూచించేది ఈ శాస్త్రమే. తెలంగాణలో ప్రధాన పప్పుధాన్య పంటయైన కంది చరిత్ర ఇందుకు చక్కని ఉదాహరణ.

పేరు మారిన క్రమం

లినేయస్ 1753లో కందిని సైటిసస్ ప్రజాతిలో చేర్చాడు. డి కాండోల్ 1813లో దానికి కజానస్ అనే ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచాడు. 1834లో వైట్, ఆర్నాట్‌లు కందిని పోలిన అడవి మొక్కలకు అటైలోసియా అనే మరొక ప్రజాతిని ప్రతిపాదించారు. ఈ రెండింటినీ వేరుపరచడానికి ముఖ్య ఆధారంగా నిలిచిన లక్షణం ఒక్కటే: విత్తన నాభి వద్ద ఉండే కండగల చిన్న ఉబ్బు, అంటే స్ట్రోఫియోల్. అడవి జాతులలో ఇది స్పష్టంగా ఉంటుంది. సాగు కందిలో సాధారణంగా ఉండదు.

ఒక చిన్న లక్షణం ప్రజాతికి హద్దు కావడం అసాధారణమేమీ కాదు. ధ్రువ ప్రాంతాల వరకు విస్తరించిన ఆక్సిట్రోపిస్ అనే లెగ్యూమ్ ప్రజాతిని ఆస్ట్రాగాలస్ నుండి వేరుచేసేది ద్రోణి ఆకర్షణ పత్రాల కొనపై ఉండే సన్నని ముక్కు. ఆ విభజన నేటికీ నిలిచింది. స్ట్రోఫియోల్ ఆధారంగా చేసిన విభజన మాత్రం నిలువలేదు.

విలీనానికి కారణాలు

కందిలోను, పరీక్షించిన అడవి జాతులలోను క్రోమోజోముల సంఖ్య ఒకటే (2n = 22). అనేక అటైలోసియా జాతులు కందితో సంకరణం చెంది, కొంతమేరకైనా ఫలవంతమైన సంతతిని ఇచ్చాయి. స్ట్రోఫియోల్ కొద్ది జన్యువుల అధీనంలోని లక్షణమని సంకర సంతతులు సూచించాయి. సాగులోకి వచ్చే క్రమంలో మారిపోగల ఇటువంటి లక్షణంపై రెండు ప్రజాతులను నిలబెట్టడం సమంజసం కాదు.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో పనిచేసిన వాన్ డెర్ మేసెన్ 1986లో వెలువరించిన సమగ్ర పరిశీలనలో అటైలోసియాను కజానస్‌లో విలీనం చేశాడు. ముందుగా ప్రచురితమైన పేరుకే ప్రాధాన్యమన్న సూత్రానికి అనుగుణంగా కజానస్ నిలిచింది. అందులో ఆయన 32 జాతులను గుర్తించి, వాటిని ఆరు విభాగాలుగా అమర్చాడు. కజానస్ విభాగంలో రెండే జాతులున్నాయి: సాగు కంది, తూర్పు కనుమల ప్రాంతంలో పెరిగే కజానస్ కజానిఫోలియస్.

ప్రజననంలో ఫలితం

సంకరణ సౌలభ్యాన్ని బట్టి ఈ జాతులను మూడు జన్యు సముదాయాలుగా పరిగణిస్తారు. సాగు రకాలు ప్రాథమిక సముదాయం. కజానిఫోలియస్, స్కారబాయిడిస్, ఆస్ట్రేలియాకు చెందిన అక్యూటిఫోలియస్ మొదలైనవి ద్వితీయ సముదాయం. పిండ రక్షణ వంటి ప్రత్యేక పద్ధతులు అవసరమయ్యే ప్లాటికార్పస్ తృతీయ సముదాయానికి చెందుతుంది. ఫైటోఫ్తోరా ఎండు తెగులును తట్టుకునే గుణం దీనిలో గుర్తించారు. స్కారబాయిడిస్ కాయలపై దట్టంగా ఉండే నూగు శనగపచ్చ పురుగుకు అవరోధంగా పనిచేస్తుంది.

కజానిఫోలియస్ సామీప్యం మరొక ఫలితాన్నిచ్చింది. దాని కణద్రవ్యంలోకి కంది కేంద్రక జన్యువులను చేర్చి రూపొందించిన ఎ4 పురుష వంధ్యత్వ వ్యవస్థ 2005లో ప్రచురితమైంది. తేనెటీగల ద్వారా కందిలో సహజంగా జరిగే పరపరాగ సంపర్కంతో ఈ వ్యవస్థను జోడించడం వల్ల సంకర విత్తనోత్పత్తి ఆచరణలోకి వచ్చింది. ఐసిపిహెచ్ 2671 సంకరం 2010లో మధ్యప్రదేశ్‌లో, ఐసిపిహెచ్ 2740 ‘మన్నెంకొండ కంది’ పేరుతో 2015లో తెలంగాణలో విడుదలయ్యాయి.

క్షేత్రస్థాయిలో గుర్తింపు

ఆకుల అడుగుభాగాన గ్రంథి చుక్కలు ఉండటం వల్ల అడవి కంది జాతులు రింకోసియా మొక్కలతో పొరపాటు పడే అవకాశముంది. రింకోసియా కాయలో సాధారణంగా ఒకటి లేదా రెండు గింజలే ఉంటాయి. కజానస్ కాయలో సాధారణంగా అంతకంటే ఎక్కువ గింజలు, వాటి మధ్య అడ్డంగా నొక్కుల గీతలు కనిపిస్తాయి. తరువాత మొక్క స్వరూపాన్ని చూడాలి. కజానిఫోలియస్ కందివలె నిటారుగా పెరిగే పొద. స్కారబాయిడిస్ గడ్డినేలల్లో, గట్లపై పాకే లేదా అల్లుకునే తీగ. పూలతో, ముదిరిన కాయలతో, గింజలతో కూడిన నమూనా లేనిదే జాతిని నిర్ధారించరాదు.

పాత గ్రంథాలలోను, నమూనాల చీటీలపైనా అటైలోసియా పేరు నేటికీ కనిపిస్తుంది. రెండు పేర్లతోనూ వెదకని పరిశోధకునికి 1986కు పూర్వపు సమాచారంలో అధికభాగం అందకుండా పోతుంది. పటాన్‌చెరు జన్యు బ్యాంకులో 13 వేలకు పైగా కంది నమూనాలు భద్రపరచబడి ఉన్నాయి. వాటిలో అడవి జాతుల వాటా స్వల్పం. పోడు, గనుల తవ్వకం, రహదారుల విస్తరణ జరిగే చోట్ల ఈ మొక్కలు కలుపుగా భావించబడి తొలగిపోవచ్చు. కనుక గిరిజన ప్రాంతాలలో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తలు వీటిని గుర్తించి, స్థలం, తేదీ, నేల స్వభావం నమోదుచేసి, జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ హైదరాబాదు ప్రాంతీయ కేంద్రానికి తెలియజేయడం కంది ప్రజననానికి ఉపకరించే పని.