జ్వరం ఎన్నో రోజు?

2025 చివర్లో పల్నాడు జిల్లాలో స్క్రబ్ టైఫస్ పేరు వార్తల్లోకెక్కింది. మిరప రైతుకు తెలిసిన నల్లి ఆకు రసం పీలుస్తుంది. ఈ జ్వరాన్ని మోసుకొచ్చేది దానికి దూరపు చుట్టం, పొదల్లో, గడ్డిలో ఉండే మరో నల్లి. దాని లార్వా కుట్టినప్పుడు ఓరియెన్షియా సుసుగముషి అనే బ్యాక్టీరియా ఒంట్లోకి దిగుతుంది. కుట్టినచోట కొందరికి సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. చంకలోనో, గజ్జల్లోనో, నడుం మీద చీర బిగించే చోటో ఉంటుంది కనుక వెతికితే తప్ప కనబడదు.

చిక్కేమిటంటే, ప్లేట్‌లెట్లు ఇందులోనూ పడిపోతాయి. దాంతో డెంగీ అనుకుంటారు. డెంగీది వైరస్, యాంటీబయాటిక్‌కు లొంగదు. స్క్రబ్ టైఫస్‌కు మాత్రం సరైన మందు పడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగిపోతుంది.

మరి తేడాను రక్తం చెప్పగలదా? 1930లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం టిలెట్, థామస్ ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల రక్తంలో కనిపెట్టిన ప్రోటీనే నేటి సీఆర్‌పీ. ఒంట్లో వాపు మొదలైన కొద్ది గంటలకే కాలేయం దాన్ని గుమ్మరిస్తుంది. కానీ దెబ్బ తగిలినా, కీళ్లవాతం ఉన్నా అది పెరుగుతుంది. రక్తంలోనే చూసే మరో సూచిక ప్రోకాల్సిటోనిన్ కాస్త నయం. తీవ్రమైన బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌లో నాలుగైదు గంటల్లోనే లేస్తుంది. వైరస్ జ్వరాల్లో ఇంటర్‌ఫెరాన్ గామా దాన్ని అణచిపెడుతుంది. అయినా ఒంట్లో ఉన్నది ఏ క్రిమో ఈ రెండూ చెప్పలేవు.

ఆ పేరు చెప్పేది ఐజీఎం ఎలైజా అనే రక్తపరీక్ష. అయితే అది వెతికేది క్రిమిని కాదు, క్రిమి మీదికి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలను. అవి రక్తంలో తేలడానికి సుమారు వారం పడుతుంది. మూడోరోజు తీసిన రక్తంలో నెగెటివ్ వచ్చిందంటే జబ్బు లేదని కాదు. టైఫాయిడ్‌కు చేసే విడాల్ పరీక్షదీ ఇదే ఇబ్బంది. జ్వరం ఎన్నో రోజున రక్తం తీశారో తెలియకపోతే ఆ రిపోర్టు విలువ సగం పోయినట్టే.

అందుకే 2015 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు, స్క్రబ్ టైఫస్ అని అనుమానం రాగానే ఫలితం కోసం ఆగకుండా వైద్యం మొదలుపెట్టమన్నాయి. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి. వాడే మందు డాక్సీసైక్లిన్, ఖరీదైనదేమీ కాదు. ఆ వంశంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లెడర్లీ ప్రయోగశాల నుంచి వెలువడింది. అక్కడి పరిశోధనకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

పల్నాడులోని మాచర్ల, గురజాల వైపు నుంచి జ్వరంతో ఆసుపత్రికి వచ్చేవారు జ్వరం మొదలైన రోజు, ఈ మధ్య పనికి వెళ్లిన చేను, ఒంటి మీద పక్కు, ఈ మూడూ డాక్టరుకు ముందే చెబితే ఏ పరీక్ష ఎప్పుడు చేయించాలో ఆయనకు తెలుస్తుంది.